ఒంటరిగా తొలిసారి క్రూయిజ్ ఎక్కుతున్నారా? బుకింగ్ నుంచి దిగేదాకా ఏం చేయాలంటే

“ఒక్కరమే వెళ్తే బోర్ కొట్టదా? గదికి డబుల్ కట్టాలటగా? ఏదైనా అయితే ఎవరు చూస్తారు?” ఒంటరిగా క్రూయిజ్‌కి, అంటే ఓడలో విహారయాత్రకి, వెళ్దామనుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. బోర్ సంగతి మొదటి రోజు సాయంత్రం మీరేం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. డబుల్ మాట నిజమే గానీ దానికి దారులున్నాయి. అసలు పట్టించుకోవాల్సింది మూడో ప్రశ్న.

ఇద్దరు వెళ్తే ఒకరు మర్చిపోయింది ఇంకొకరు గుర్తుచేస్తారు. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు డాక్టర్‌కి ఫోన్ చేస్తారు. ఓడ కదిలే టైమవుతోందని ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగుతారు. ఒంటరిగా వెళ్తే ఈ పనులు ఎవరు చేస్తారో బయల్దేరకముందే తేల్చుకోవాలి. కింద చెప్పేవాటిలో సగం దాని గురించే.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- పాస్‌పోర్ట్. ప్రయాణం ముగిసే తేదీ తర్వాత ఇంకా కనీసం 6 నెలలు చెల్లేలా ఉండాలి.
- ఓడ ఆగే ప్రతి దేశానికీ మీ పాస్‌పోర్ట్‌కి అవసరమయ్యే వీసా.
- క్రెడిట్ కార్డు. డెబిట్ కార్డు ఎందుకు వద్దో బిల్లు దగ్గర చెప్తాను.
- ట్రావెల్ ఇన్సూరెన్స్. సముద్రం మీద నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు అందులో ఉండాలి.
- రోజూ వేసుకునే మందులు, ఇంకో నాలుగైదు రోజులకు అదనంగా. డాక్టర్ చీటీ కూడా.
- మామూలు చేతి గడియారం. ఇదెందుకో తర్వాత తెలుస్తుంది.
- అయస్కాంతం కొక్కేలు నాలుగు. ఓడ గది గోడలు చాలావరకు ఉక్కువే కాబట్టి టోపీ, తడి బట్టలు, టికెట్ కాగితాలు అన్నీ గోడకే వేలాడదీయొచ్చు. చిన్న గదిలో ఇవి చేసే మేలు ఇంతా అంతా కాదు.

ఇస్త్రీ పెట్టె, కెటిల్, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టుకోవద్దు. అగ్ని ప్రమాదం భయంతో స్కానింగ్ దగ్గరే తీసేసుకుని చివరి రోజు తిరిగిస్తారు.

1. రూటు ఎంచుకోండి

మొదటిసారికి 4 నుంచి 7 రాత్రుల ప్రయాణం చాలు. మూడు రాత్రులైతే ఓడలో దారులు తెలిసేలోపే దిగాల్సి వస్తుంది. ఎన్ని రోజులు సముద్రం మీదే ఉంటుంది, ఎన్ని రోజులు రేవుల్లో ఆగుతుంది అన్నది లెక్కపెట్టుకోండి. కొత్త ఊళ్లు చూడాలని ఉంటే సముద్రం మీద గడిపే రోజులు ఒకటి రెండుకి మించనివి చూడండి.

ఏటా వసంతంలో, శరదృతువులో ఓడలు కరేబియన్ నుంచి మధ్యధరా సముద్రానికీ, అటు నుంచి ఇటూ మారుతుంటాయి. ఆ టికెట్లు రోజుకి ఇంత అని లెక్కేస్తే చాలా చవక. కానీ అట్లాంటిక్ దాటేటప్పుడు ఆరేడు రోజులు వరసగా నేల కనపడదు. మీకు పడుతుందో లేదో తెలియకుండా మొదటిసారే అది తీసుకోవద్దని నా సలహా.

వయసు నిబంధన కూడా చూసుకోండి. చాలా అమెరికన్ కంపెనీలు 21 నిండనివాళ్లకు ఒంటరిగా గది ఇవ్వవు.

2. గది బుక్ చేయండి (డబ్బు ఎక్కువగా పోయేదిక్కడే)

క్రూయిజ్ ధర ఎప్పుడూ “గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి” అన్న లెక్కన చూపిస్తారు. తలకి 100 అని కనపడితే ఆ గది ఖరీదు 200. ఒక్కరే వెళ్తే ఖాళీగా ఉండే రెండో మంచానికీ మీరే కట్టాలి. దీన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. పోర్ట్ ట్యాక్సులు, రోజువారీ టిప్పులు మాత్రం మామూలుగా ఒక్కరికే పడతాయి.

ఎక్కువమంది బోల్తా పడేది వెబ్‌సైట్‌లో. వెతికే పేజీలో ప్రయాణికుల సంఖ్య ముందే “2” అని ఉంటుంది. అది మార్చకుండా ధరలు పోల్చుకుని, బడ్జెట్ వేసుకుని, చివర్లో ఒక్కరి పేరు పెట్టగానే మొత్తం అమాంతం పెరిగేసరికి గతుక్కుమంటారు. మొదటి క్లిక్కే “1” చేయడం. ఆ తర్వాతే ధరలు చూడండి.

తగ్గించుకునే దారులు ఇవి:

- ఒంటరివాళ్ల గదులు. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో ఒక్కరి కోసమే 128 చిన్న స్టూడియో గదులు కట్టారు, వాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకోడానికి వేరే లాంజ్ కూడా పెట్టారు. తర్వాత వేరే కంపెనీలూ అదే బాట పట్టాయి. క్వీన్ మేరీ 2 అనే ఓడలో 2016 మరమ్మతులప్పుడు ఇలాంటివి 15 చేర్చారు. ఇవి తక్కువ కాబట్టి త్వరగా అయిపోతాయి, ఏడాది ముందే చూడాలి.
- సప్లిమెంట్ తగ్గించిన ఆఫర్లు. జనవరి నుంచి మార్చి దాకా కంపెనీలు ఆఫర్లు గుప్పిస్తాయి. పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు, అంటే మామూలుగా రెండు మూడు నెలల ముందు, దాటాక మిగిలిపోయిన గదుల ధర కూడా ఒక్కోసారి దిగుతుంది. సెలవులు, విమానం టికెట్ అప్పటికప్పుడు కుదిరేవాళ్లకే ఇది.
- గ్యారంటీ గది. ఏ రకం గది కావాలో మీరు చెప్తారు, ఎక్కడిస్తారో వాళ్లిష్టం. కొంచెం చవక. కళ్లు తిరిగే గుణం ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

స్టూడియో అనగానే చవకే అనుకోకండి. కిటికీ లేని మామూలు గదికి డబుల్ కట్టినా స్టూడియో కంటే తక్కువ పడే సందర్భాలుంటాయి, పైగా అది పెద్ద గది. అదే తేదీకి రెండింటి మొత్తాన్నీ, ట్యాక్సులతో సహా, పక్కపక్కన రాసుకుని చూడండి.

గది ఎక్కడ తీసుకోవాలి? ఓడ పొడవులో మధ్యన, కింది డెక్‌లలో, అంటే కింది అంతస్తుల్లో. పార్కులో పిల్లలు ఎక్కి ఊగే సీ-సా బల్లకి చివర్లు ఎగిరిపడుతున్నా మధ్యలో పెద్దగా కదలదు కదా, ఇదీ అంతే. డెక్ ప్లాన్‌లో మీ గదికి పైనా కిందా ఏముందో కూడా చూడండి. పైన డాన్స్ ఫ్లోరో వంటగదో ఉంటే నిద్ర గోవిందా. పైనా కిందా గదులే ఉండటం మంచిది.

3. వీసా, ఇన్సూరెన్స్

“నేను ఆ ఊళ్లో దిగను, ఓడలోనే ఉంటాను” అంటే కుదరదు. రూటులో ఉన్న ఏ దేశం వీసా లేకపోయినా ఎక్కేచోటే ఆపేయొచ్చు, డబ్బు తిరిగి రాదు. షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, విషయంలో ఇంకో మెలిక ఉంది. ఓడ ఇటలీలో బయల్దేరి, టర్కీలో ఆగి, మళ్లీ గ్రీస్‌కో ఇటలీకో వస్తే అది షెంగెన్ బయటికి వెళ్లి తిరిగి రావడం కిందే లెక్క. సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ కావాలి.

ఓడలో డాక్టర్ ఉంటారు గానీ ఫీజు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది. ఇంటి దగ్గరి ఆరోగ్య బీమా అక్కడ పనిచేయకపోవచ్చు. పాలసీ కాగితంలో “క్రూయిజ్”, “వైద్య తరలింపు” అనే మాటలు ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి, ఏజెంట్ నోటిమాట చాలదు.

సరిచూసుకోవడం: ఓడ పేరు, గది నంబరు, రూటు, కంపెనీ ఎమర్జెన్సీ నంబరు, పాలసీ నంబరు ఒకే మెసేజ్‌లో రాసి ఇంట్లో ఒకరికి పంపండి. ఏ గడీ ఖాళీ లేకుండా ఆ మెసేజ్ రాయగలిగితే మీ కాగితాల పని అయినట్టే.

4. పోర్ట్ ఉన్న ఊరికి ముందురోజే చేరండి

విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. బోర్డింగ్ కూడా ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు.

పోర్ట్ పేర్లతోనూ జాగ్రత్త. టికెట్ మీద “రోమ్” అని ఉన్నా ఓడ ఎక్కేది 70 కిలోమీటర్ల అవతల ఉన్న చివిటావెకియాలో. “లండన్” అంటే చాలాసార్లు సౌతాంప్టన్, అదీ వంద కిలోమీటర్ల పైనే. హోటల్ బుక్ చేసేముందు టెర్మినల్ పేరుతో మ్యాప్ తెరిచి దూరం చూసుకోండి.

5. చేతి సంచి సర్దుకోండి

పోర్ట్‌లో పెద్ద పెట్టె కూలీలకు ఇచ్చేస్తారు. అది గది ముందుకి వచ్చేసరికి రాత్రి కావచ్చు. కాబట్టి పాస్‌పోర్ట్, మందులు, చార్జర్, ఒక జత బట్టలు, ఈత కొట్టాలనుంటే ఆ బట్టలు మీ భుజానే ఉండాలి. పెట్టెకి ట్యాగ్ ప్రింట్ తీసి స్టేపుల్ చేయండి, పైన టేపు కూడా అతికించండి. ఒట్టి కాగితం చినిగిపోతుంది.

6. ఓడ ఎక్కాక మొదటి రెండు గంటలు

అందరూ నేరుగా బఫేకి పరిగెడతారు. మీరు ఈ పనులు ముగించి వెళ్లండి, అప్పటికి రద్దీ కూడా తగ్గుతుంది.

ముందుగా ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడి సముద్రంలో ఓడకి సొంత సెల్ నెట్‌వర్క్ ఉంటుంది, ఫోన్ దానంతటదే దాన్ని పట్టుకుంటే రోమింగ్ బిల్లు గుండె ఆగేలా వస్తుంది. వైఫై మాత్రం ఆన్ చేసుకోవచ్చు, ఓడ యాప్ మామూలుగా ఉచితంగానే పనిచేస్తుంది.

తర్వాత మీ మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటికి వెళ్లండి. 2012 జనవరిలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ ఇటలీ తీరంలో రాయిని గుద్దుకుని ఒరిగి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం చివిటావెకియాలో ఎక్కినవాళ్లకి ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే డ్రిల్ అప్పటికింకా జరగనే లేదు. అప్పటి నిబంధన ప్రకారం 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో చేయాలని మార్చారు. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లోనే చూసి, స్టేషన్ దగ్గర కీ కార్డు (గది తాళంగా, గుర్తింపుగా ఓడవాళ్లిచ్చే కార్డు) స్కాన్ చేయిస్తే అయిపోతుంది. అయిపోతుంది కాబట్టే ఎవరికీ గుర్తుండదు. మీరు మాత్రం గది నుంచి స్టేషన్‌కి లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీద ఒకసారి నడవండి.

సరిచూసుకోవడం: మస్టర్ స్టేషన్ అక్షరమో నంబరో, అది ఏ డెక్కో, లైఫ్ జాకెట్ గదిలో ఉందో స్టేషన్‌లో ఇస్తారో చూడకుండా చెప్పగలగాలి. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినపడితే అది ఎమర్జెన్సీ.

చివరిగా గది సర్దడానికి వచ్చే స్టీవర్డ్‌ని పేరు అడిగి పలకరించండి. ఒంటరిగా వచ్చానని చెప్పండి. “డిస్టర్బ్ చేయొద్దు” బోర్డు రోజంతా తగిలించి ఉంచకండి. రోజుకి ఒక్కసారైనా మీ గదిలోకి తొంగిచూసే మనిషి ఆయనొక్కరే.

7. మొదటి సాయంత్రమే మనుషుల్లో పడండి

రోజువారీ కార్యక్రమాల పట్టికలో “సోలో ట్రావెలర్స్” సమావేశం ఉందేమో చూడండి, చాలా ఓడల్లో మొదటి రోజో రెండో రోజో ఉంటుంది. మొహమాటపడి దాన్ని వదిలేస్తే మూడో రోజుకి గుంపులు కట్టేసి ఉంటారు, అప్పుడు చొరబడటం కష్టం.

భోజనానికి రెండు పద్ధతులు. ఒకటి రోజూ ఒకే టైముకి ఒకే బల్ల, రెండోది ఎప్పుడైనా వెళ్లే పద్ధతి. కబుర్లు కావాలంటే మొదటిది తీసుకుని “పెద్ద బల్ల, అందరితో కలిపి” అని బుకింగ్‌లోనే రాయించండి. ఆరు లేక ఎనిమిది మంది బల్ల మేలు. నలుగురి బల్లలో ఓ జంట గొడవ పడుతుంటే మధ్యలో మీరే ఇరుక్కుంటారు. బల్ల నచ్చకపోతే మర్నాడు పొద్దున మెయిత్రదీని, అంటే భోజనశాల పెద్దని, అడిగితే మారుస్తారు, ఇందులో తప్పేం లేదు. ఎవరితోనూ మాట్లాడకుండా తినాలనుందా? పుస్తకం తీసుకెళ్లండి, ఒక్కరి బల్ల అడగండి. ఓడలో ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు.

8. వికారం రాకముందే ఆపండి

మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటివి ఓడ ఊగకముందే వేసుకోవాలి. రెండోది బాగా నిద్ర తెప్పిస్తుంది. చెవి వెనక అంటించే స్కోపలమైన్ పట్టీని కనీసం 4 గంటల ముందు పెట్టుకోవాలి, 3 రోజులు పనిచేస్తుంది. దాన్ని ముట్టుకున్న వేలితో కన్ను నలుపుకుంటే చూపు మసకబారుతుంది, కాబట్టి వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. ఏది వాడినా ముందు మీ డాక్టర్‌ని అడగండి.

ఊగుతున్నప్పుడు గదిలో పడుకుని ఫోన్ చూడటం అన్నిటికన్నా చెడ్డ పని. బయటి డెక్‌కి వచ్చి ఆకాశం, సముద్రం కలిసే గీతను చూస్తూ నిలబడండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు.

విరేచనాలు, వాంతులు కలిసి వస్తే అది నోరోవైరస్ కావచ్చు. గదిలోంచే మెడికల్ సెంటర్‌కి ఫోన్ చేయండి. ఒకటి రెండు రోజులు గదిలోనే ఉండమంటారని దాచిపెట్టేవాళ్లున్నారు. గదిలో ఒక్కరే ఒంట్లో నీరు పోయి పడిపోతే ఎవరికీ తెలీదు. దీనికి శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే గతి.

9. రేవులో దిగిన రోజు

ఒంటరివాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. ఓడ బయట పెట్టే బోర్డు మీద “అందరూ ఎక్కాల్సిన టైము” రాసి ఉంటుంది, ఓడ కదలడానికి సుమారు అరగంట ముందు. దిగేటప్పుడు ఆ బోర్డుని ఫొటో తీయండి.

ఇప్పుడు చేతి గడియారం సంగతి. ఓడ టైము, ఊరి టైము ఒక్కోసారి ఒకటి కావు. ఒడ్డున దిగగానే మీ ఫోన్ స్థానిక టవర్ పట్టుకుని తనంతట తానే గంట మార్చేసుకుంటుంది. ఓడ మాత్రం తన టైముకే కదులుతుంది. చేతి గడియారాన్ని ఓడ టైముకి పెట్టుకుని రోజంతా దాన్నే నమ్మండి, లేదా ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేయండి.

దిగేటప్పుడు దగ్గర ఉండాల్సినవి: కీ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్ నకలు (కొన్ని రేవుల్లో అసలుదే అడుగుతారు, ముందురోజు ప్రకటన చదవండి), కొంచెం నగదు, ఆ పూట మందు, కార్యక్రమాల పట్టికలో ఉండే పోర్ట్ ఏజెంట్ (రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) నంబరు.

ఓడవాళ్ల టూరు తీసుకోవాలా, సొంతంగా తిరగాలా? ఓడవాళ్లది ఖరీదెక్కువ. కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి రేవుకి వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్తే ఆ పూచీ లేదు. నా లెక్క ఇది: ఊరు రేవు పక్కనే నడిచే దూరంలో ఉంటే సొంతంగా, గంటకు మించి ప్రయాణం ఉంటే ఓడవాళ్లతో. ఉదాహరణకి ఫ్లారెన్స్ చూడాలంటే ఓడ ఆగేది లివోర్నోలో, అక్కడినుంచి సుమారు 90 కిలోమీటర్లు. మొదటిసారి ఒంటరిగా రైలు నమ్ముకుని వెళ్లే దూరం కాదది.

గ్రీస్‌లోని శాంటోరినీ దీవి లాంటి చోట్ల ఓడ నడి నీళ్లలో ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. పాత రేవు నుంచి పైనున్న ఊరికి కేబుల్ కార్ ఉంది, లేదంటే 588 మెట్లు. సాయంత్రం కిందికి రావడానికి కేబుల్ కార్ దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. దాన్ని కూడా కలుపుకుని గంటన్నర ముందే బయల్దేరండి. గాలి ఎక్కువుంటే ఇలాంటి రేవుని అసలు రద్దు చేసేస్తారు, అక్కడ డబ్బు తిరిగివ్వని టికెట్లు ముందే కొనొద్దు.

ఓడ దిగినప్పుడూ ఎక్కినప్పుడూ కీ కార్డు “టింగ్” మని స్కాన్ అవుతుంది. మీరు లోపలున్నారో లేదో ఓడకి తెలిసేది దాంతోనే. శబ్దం రాకపోతే మళ్లీ స్కాన్ చేయించుకుని లోపలికి వెళ్లండి.

ఓడ మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతే? కంగారుపడి పడవవాళ్లతో బేరాలాడకండి. పోర్ట్ ఏజెంట్‌కి ఫోన్ చేయండి. మీ గదిలో పాస్‌పోర్ట్ దొరికితే సిబ్బంది ఆయన చేతికిచ్చి వెళ్లే అవకాశం ఉంది. తర్వాతి రేవుకి ఖర్చు మీదే.

10. భద్రత

గది నంబరు కౌంటర్ల దగ్గర గట్టిగా చెప్పకండి, కార్డు చూపించండి. కొత్త స్నేహితులతో గది ముందు కాకుండా లాంజ్‌లో కలుసుకోండి. తలుపు కొడితే కన్నంలోంచి చూసి తీయండి. అమెరికా రేవుల నుంచి నడిచే ఓడల్లో గది తలుపుకి ఆ కన్నం, కనీసం 42 అంగుళాల ఎత్తు రెయిలింగ్ ఉండాలని 2010లో చట్టమే చేశారు. ఆ ఎత్తు రెయిలింగ్ మీంచి జారిపడటం కష్టం, ఎక్కి కూర్చుంటే మాత్రం సులువు. ఫొటో కోసం కూడా ఎక్కొద్దు. గ్లాసు వదిలి వెళ్తే తిరిగొచ్చి అదే తాగకండి.

11. బిల్లు, చివరి రాత్రి, దిగడం

ఓడలో అంతా గది ఖాతాలోనే రాస్తారు. డెబిట్ కార్డు ఇస్తే రోజూ కొంత సొమ్ము బ్యాంకులో స్తంభింపజేస్తారు, అది విడుదల కావడానికి దిగాక చాలా రోజులు పడుతుంది. మీ డబ్బు మీకే అందదు. అందుకే క్రెడిట్ కార్డు.

ప్రతి రాత్రీ యాప్‌లోనో టీవీలోనో ఖాతా తెరిచి చూడండి. డ్రింక్ చీటీ మీద 18 లేక 20 శాతం సర్వీస్ చార్జి చాలా ఓడల్లో ముందే కలిపి ఉంటుంది, కింద ఇంకో ఖాళీ గీత “టిప్” అని ఉంటుంది. అది నింపాల్సిన అవసరం లేదు. తప్పు కనపడితే అదే రోజు గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లండి. చివరి ఉదయం అక్కడ క్యూ చూస్తే నీరసం వస్తుంది.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు ట్యాగ్ కట్టి తలుపు బయట పెట్టమంటారు. ఉత్సాహంగా బట్టలన్నీ సర్దేసి, పొద్దున్నే నైట్ డ్రెస్‌లో దిగినవాళ్ల కథలు ప్రతి ఓడలోనూ వినపడతాయి. రేపటి బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్ట్ ముందు మంచం మీద పెట్టి, ఆ తర్వాతే పెట్టె మూయండి. లాకర్ ఖాళీ చేశారా, గోడకున్న కొక్కేలు తీశారా చూడండి. సామాను మీరే మోసుకోగలిగితే రాత్రి పెట్టె బయట పెట్టకుండా పొద్దున్నే అందరికన్నా ముందు దిగిపోవచ్చు.

తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతిదే తీసుకోండి. ఇంటికి చేరిన పది రోజులకి కార్డు స్టేట్‌మెంట్ తెరిచి, ఓడలో ఇచ్చిన చివరి బిల్లుతో మొత్తం కలుస్తోందో లేదో చూడండి. ఒక్క రూపాయి తేడా ఉన్నా బిల్లు ఫొటో జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి.